మనవరాలి రంగు గురించి మాట్లాడే ముందు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో మోకాళ్ళ నొప్పులు, షుగరు, నిద్ర పట్టకపోవడం ఇవే ఎక్కువ. వాటి మధ్య ఈసారి గోదావరి జిల్లా నుంచి ఒక పెద్దావిడ రాసిన ఉత్తరం వచ్చింది. ఆవిడ అనుమతితో, ఊరి పేరు తీసేసి, కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాను. పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఇళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఇది ఆవిడ ఒక్కరి సమస్య అనుకోను.

"డాక్టరుగారికి నమస్కారములు. నా వయసు 68. మా అబ్బాయి అమెరికాలో అట్లాంటాలో ఉంటాడు. అక్కడే తనతోపాటు చదువుకున్న నల్లజాతి అమ్మాయిని చేసుకున్నాడు. మొదట్లో మేము ఇష్టపడలేదు, దాచడమెందుకు. రెండేళ్ళు మాటల్లేవు. పాప పుట్టాక అన్నీ సర్దుకున్నాయి. కోడలు నర్సు, మంచి పిల్ల. పాపకి ఎనిమిదేళ్ళు. మొన్న వేసవి సెలవులకి అబ్బాయి తీసుకొచ్చి జూన్, జూలై రెండు నెలలూ మా దగ్గర ఉంచాడు. కోడలికి సెలవు దొరకలేదు.

"వచ్చిన కొత్తలో పాప చాలా చలాకీగా ఉండేది. తెలుగు అర్థమవుతుంది, నాలుగు మాటలు మాట్లాడుతుంది కూడా. జ్యేష్ఠంలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి వచ్చింది. పెళ్ళికి వెళ్ళేలోగా ఒళ్ళు కాస్త తేటపడుతుందని రోజూ సున్నిపిండితో నలుగు పెట్టాను. మా ఇంట్లో ఆడపిల్లలందరికీ పెట్టాను, తప్పనుకోలేదు. మా చెల్లెలి కూతురు పాపను పార్లరుకి తీసుకెళ్ళి ఉంగరాల జుట్టంతా సాపు చేయించింది. పెళ్ళిలో ఎవరో 'తండ్రి రంగు రాలేదు పాపం' అన్నారట. ఫోటోల్లో వెనక నిలబెట్టారట. నేను చూడలేదు.

"పెళ్ళి నుంచి వచ్చిన మూడో రోజు స్నానానికి వెళ్ళి ఎంతసేపటికీ రాకపోతే తలుపు తోసి చూశాను. పీచుతో రెండు చేతులూ ఎర్రగా దోక్కుపోయేలా రుద్దుకుంటోంది. 'నాయనమ్మా, ఇంకా ఎన్ని రోజులు రుద్దితే పోతుంది?' అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'నువ్వు నల్లగా ఉన్నా మాకు ముద్దేనమ్మా' అని ఓదార్చాను. అప్పటినుంచీ అదోలా అయిపోయింది. అమెరికా వెళ్ళాక వీడియో కాలు చేస్తే ఎదటికి రాదు. కోడలు ఇక పంపనంటోంది. అబ్బాయి ఎవరి వైపూ మాట్లాడడు. రెండు జాతుల పిల్లలకి ఇలా మనసు చెడుతుందని మా పక్కింటాయన అంటున్నారు. నిజమేనా? పాపకి ఏదైనా జబ్బు చేసిందా? మందులేమైనా ఉన్నాయా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఏదీ దాచకుండా రాశారు. అందుకని నేనూ దాచకుండా రాస్తాను, నొచ్చుకోకండి.

ముందుగా మీ పక్కింటాయన మాట. ఆయన అన్నది కొత్త మాట కాదు. 1928లో రాబర్ట్ పార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు రెండు సమాజాల అంచు మీద నిలబడిపోయిన మనిషి గురించి రాశారు. ఆ తరవాత చాలాకాలం పాటు, రెండు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు ఎటూ చెందక మనశ్శాంతి లేకుండా బతుకుతారని చదువుకున్నవాళ్ళే నమ్మేవారు. ఆ పిల్లల రక్తంలోనే ఏదో లోపం ఉన్నట్టు మాట్లాడేవారు. ఇప్పుడు ఆ మాటకు విలువ లేదు. రెండు జాతుల రక్తం కలవడం వల్ల ఏ మానసిక జబ్బూ రాదు. మన భాషలో 'సంకరం' అని ఒక మాట ఉంది చూశారా, దాన్ని తిట్టుగా వాడీ వాడీ మనకు తెలియకుండానే అదొక రోగం పేరులా వినబడుతోంది. పిల్లల విషయంలో ఆ మాట నోట రానివ్వకండి.

అయితే ఈ పిల్లలకు కష్టాలే ఉండవా అంటే, ఉంటాయి. 2003లో అమెరికా హైస్కూలు వయసు పిల్లల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. తాము రెండు జాతులకు చెందినవాళ్ళమని చెప్పుకున్న పిల్లల్లో ఆరోగ్యానికి, ప్రవర్తనకు సంబంధించిన చిక్కులు ఒకే జాతి పిల్లలకన్నా కొంత ఎక్కువగా కనిపించాయి. అది రక్తం వల్ల వచ్చింది కాదు, నలుగురి మధ్య పడే ఒత్తిడి వల్ల వచ్చింది. రోజూ ఎవరో ఒకరు 'నువ్వెవరు? మీ నాన్న నిజంగా మీ నాన్నేనా? నువ్వు మా వైపా, వాళ్ళ వైపా?' అని అడుగుతుంటే పెద్దవాళ్ళకే విసుగు పుడుతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల సంగతి చెప్పాలా? అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో జాతివివక్ష పిల్లల ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. తట్టు, పోలియోల గురించి మాట్లాడే సంఘం ఇది కూడా తమ పనే అనుకుంది.

కాబట్టి మీ మనవరాలికి జబ్బు చేయలేదు. గాయం తగిలింది. గాయానికి, జబ్బుకి తేడా ఉంది. గాయం ఎక్కడ తగిలిందో తెలుసుకుంటే చాలావరకు ఇంట్లోనే మానుతుంది.

నలుగు దగ్గర మొదలుపెడదాం. సున్నిపిండి మంచిదే. మురికి, జిడ్డు పోతాయి. కాని ఏ పిండీ, ఏ పసుపూ పుట్టుకతో వచ్చిన రంగును మార్చలేదు. చర్మంలో రంగును తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం అన్నదే తేడా. అది చాలా జన్యువులు కలిసి నిర్ణయించే విషయం. అందుకే ఒక తల్లి పిల్లలే ఇద్దరు రెండు రంగుల్లో ఉంటారు. బయట అమ్మే తెల్లబడే క్రీముల జోలికి అసలు వెళ్ళకండి. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్లు, పాదరసం ఉంటాయి. పసిపిల్లల చర్మం పలచబడి పాడవుతుంది.

ఇది శరీరం సంగతి. మనసు సంగతి వేరు. మీ ఇంటి ఆడపిల్లలకు నలుగు అంటే పండగ స్నానం. ఈ పాపకు రోజూ నలుగు పెడుతూ 'తేటపడుతుంది' అని మీరు ఎవరితోనో అని ఉంటారు. పాపకు తెలుగు అర్థమవుతుందని మీరే రాశారు. తన ఒంటిమీద ఏదో అంటుకుని ఉంది, అది పోవాలి, నాయనమ్మ దాన్ని పోగొట్టడానికి కష్టపడుతోంది అని ఆ పిల్ల అనుకుంది. 'ఎన్ని రోజులు రుద్దితే పోతుంది' అన్న ప్రశ్న పిచ్చిది కాదు. మీరు మొదలుపెట్టిన పనిని తను పూర్తి చేయాలనుకుంది.

ఇక మీ ఓదార్పు మాట. 'నల్లగా ఉన్నా ముద్దే' అన్నారు. మనమందరం అనే మాటే. నేనూ అన్నాను, మా ఇంట్లో. కాని ఆ 'ఉన్నా' అన్న చోట ఆగి చూడండి. అల్లరి చేసినా ముద్దే, చదవకపోయినా ముద్దే అంటాం. అంటే అల్లరి తప్పు, చదవకపోవడం తప్పు, అయినా క్షమించాం అని. అదే వరసలో 'నల్లగా ఉన్నా' అన్నప్పుడు ఆ పిల్ల రంగును ఒక తప్పుగా ఒప్పుకుని, క్షమించినట్టయింది. పిల్లలు వ్యాకరణం చదువుకోరు గాని ఇలాంటివి మనకన్నా బాగా పట్టుకుంటారు.

పిల్లలకు రంగు తెలియదు, మనం చెబితేనే తెలుస్తుంది అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. మూడు నెలల పసిపాప కూడా రోజూ చూసే రకం ముఖాల వైపు ఎక్కువసేపు చూస్తుంది. మూడు నాలుగేళ్ళకు 'అమ్మ గోధుమ రంగు, నాన్న ఇంకో గోధుమ రంగు' అని లెక్కలు చెబుతారు. అందులో మంచి చెడ్డలుండవు. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ మధ్యలో ఏ రంగును ఎవరు మెచ్చుకుంటున్నారో, ఎవరిని ముందు నిలబెడుతున్నారో గమనించడం మొదలుపెడతారు. 1940ల ప్రాంతంలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు, ఇద్దరూ మనస్తత్వ శాస్త్రజ్ఞులే, మూడు నుంచి ఏడేళ్ళ నల్లజాతి పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. అన్నీ ఒకేలాంటివి, రంగు మాత్రం తేడా. మంచి బొమ్మ ఏది, ఆడుకోవడానికి ఏది కావాలి అని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మను చూపించారు. నీలాగా ఉన్నది ఏది అని చివర అడిగేసరికి కొందరు పిల్లలు ఏడ్చారట. స్కూళ్ళలో తెల్ల, నల్ల పిల్లలను వేరు చేయకూడదని 1954లో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన కూడా ఉంది. మీ మనవరాలు చేసింది ఆ పిల్లలు చేసిందే. మీ పెళ్ళిపందిరిలో ఫోటోల వరసే ఆమెకు బొమ్మల బల్ల.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. అది పెద్దవాళ్ళు తేలిగ్గా గమనించరు. మీ అబ్బాయి తెలుగువాడు. రంగు గురించిన మాటలు తనూ పడి ఉండవచ్చు. కాని అమెరికాలో నల్లపిల్లగా పెరగడం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. ఆ అనుభవం ఇంట్లో ఒక్క మీ కోడలికే ఉంది. దుకాణంలోకి అడుగుపెడితే వెనకే ఎవరో నడవడం, స్కూల్లో టీచరు మిగతావాళ్ళకన్నా తననే ముందు అనుమానించడం, ఇవన్నీ ఆవిడ చిన్నప్పుడు చూసి ఉంటుంది. అక్కడి నల్లజాతి ఇళ్ళల్లో తల్లులు ఈ సంగతులు పిల్లలకు చిన్నతనంలోనే కూర్చోబెట్టి చెబుతారు. నీ జుట్టు బాగుంటుంది, నీ రంగు బాగుంటుంది, బయట ఎవరైనా వేరేలా అంటే అది వాళ్ళ తప్పు అని ముందే గట్టిపరుస్తారు. మనం ఆ మాటే ఎత్తం. అలా ఎనిమిదేళ్ళపాటు తల్లి కట్టిన గోడలో మన పెళ్ళి ఒక కన్నం పెట్టింది. పరాయివాళ్ళు పెడితే ఆవిడకు అలవాటే. తన కూతురి నాయనమ్మ ఇంట్లో జరిగింది. ఆవిడ కోపం అర్థం చేసుకోండి. జుట్టు సంగతయితే మరీను. తల్లిని అడగకుండా పిల్ల జుట్టు మార్చడం మన ఇళ్ళల్లో మాత్రం ఎవరు ఊరుకుంటారు?

ప్రేమ ఉంటే చాలదా అని మీరు అడగవచ్చు. బరాక్ ఒబామా సంగతి చూడండి. తల్లి కాన్సాస్‌కు చెందిన తెల్లజాతి స్త్రీ, తండ్రి కెన్యా దేశస్థుడు. 1961లో హొనొలులులో పుట్టి చాలా ఏళ్ళు అమ్మమ్మ, తాతగార్ల దగ్గరే పెరిగారు. 2008 మార్చిలో, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రోజుల్లో, ఫిలడెల్ఫియాలో చేసిన ఉపన్యాసంలో ఆ అమ్మమ్మను తలుచుకున్నారు. ప్రాణంగా పెంచిన ఆ మనిషే, వీధిలో నల్లవాళ్ళు ఎదురైతే భయమేస్తుందని ఒకసారి ఒప్పుకుందనీ, ఆమె నోట వచ్చిన కొన్ని మాటలకు తను ముడుచుకుపోయేవాడిననీ చెప్పారు. అయినా ఆమెను వదులుకోలేనని కూడా అదే నోటితో అన్నారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు. అన్నేళ్ళయినా ఆ మాటలు మరుపుకు రాలేదు, ప్రేమా పోలేదు. మీకిది భయానికి, ధైర్యానికి రెంటికీ పనికొస్తుందని చెబుతున్నాను.

ఇప్పుడు చేయవలసినది. ముందు పాపతో కాదు, కోడలితో మాట్లాడండి. అబ్బాయి చేత చెప్పించకండి. ఇంగ్లీషు రాకపోతే ఆయన పక్కన కూర్చుని మీరు అన్నది అన్నట్టు చెబితే చాలు. 'నలుగు పెట్టడం, జుట్టు మార్చనివ్వడం, పెళ్ళిలో పాపను కనిపెట్టుకోకపోవడం నా పొరపాట్లు' అనండి. మా వాళ్ళ అలవాటు, నా మనసులో ఏమీ లేదు అని తోక తగిలించకండి. తోక తగిలిస్తే మొదట అన్నది కొట్టుకుపోతుంది. పెద్దదాన్ని, కోడలి దగ్గర తగ్గడమేమిటి అనిపిస్తుంది. అనిపించనివ్వండి. తగ్గేది ఎనిమిదేళ్ళ పిల్ల కోసం.

తరవాత పాపతో. కెమెరా ఎదటికి బలవంతంగా లాగవద్దని తల్లిదండ్రులకు చెప్పండి. రానప్పుడు ఒక చిన్న మాట రికార్డు చేసి పంపండి. నిమిషం మించనక్కరలేదు. 'నీ ఒంటిమీద పోవలసింది ఏమీ లేదమ్మా. నాయనమ్మ తప్పుగా చెప్పింది. నీది మీ అమ్మ రంగు, మీ నాన్న రంగు. నాకు బాగుంది.' ఇంతే. 'మేము రంగు చూడం, అందరూ ఒకటే' అనకండి. అందరూ చూస్తున్నారని ఆ పిల్లకు తెలుసు. అబద్ధం చెబుతున్నారనుకుంటుంది. జవాబు వెంటనే రాకపోవచ్చు. వారానికొకసారి ఏదో ఒక కబురు పంపుతూ ఉండండి, పెరట్లో పిల్లి ఈనిందనో, మామిడి చెట్టు పూసిందనో. రంగు గురించి మళ్ళీ మళ్ళీ ఎత్తకండి.

మూడోది చుట్టాలు. ఇది కష్టం. ఎవరైనా 'పాపం, తండ్రి పోలిక రాలేదు' అన్న క్షణంలో, పాప వింటుండగానే, 'మా పిల్ల గురించి అలా అనవద్దు' అని మీరు అనాలి. వాళ్ళు వెళ్ళాక చాటుగా సర్దిచెబితే లాభం లేదు. పాప చూడవలసింది తనవైపు ఎవరు నిలబడ్డారన్నది. ఇంటి గోడమీద మనవలందరి ఫోటోలు ఉంటాయిగదా, ఈ పాపది, కోడలిది ఉన్నాయో లేదో ఒకసారి చూడండి.

ఇంకొక మాట. మీ వియ్యపురాలితో ఎప్పుడైనా మాట్లాడారా? ఉత్తరంలో ఎక్కడా ఆవిడ ఊసు లేదు. అబ్బాయి మన వాళ్ళమ్మాయిని చేసుకుని ఉంటే పండక్కి పబ్బానికి వియ్యాలవారికి కబురు వెళ్ళేది, పంతాలూ పట్టింపులూ కూడా నడిచేవి. ఈ పాపకు అక్కడ ఒక అమ్మమ్మ ఉంటే, ఆవిడతో ఒకసారి వీడియోలో మాట్లాడండి. భాష రాకపోయినా ఫరవాలేదు, అబ్బాయి ఉన్నాడు. ఈ జుట్టును ఎలా దువ్వాలో ఆవిడనో, మీ కోడలినో అడగండి. నేర్చుకోవలసిన విద్యే అది. మెలికలు బాగా తిరిగిన జుట్టులో మాడు మీద నూనె కొసలదాకా జారదు, అందుకని జుట్టు పొడిగా ఉండి తేలిగ్గా తెగుతుంది. రోజూ తలంటకూడదు. పొడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు. తడిపి, కండిషనరు పట్టించి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. జడలు మరీ బిగించి వేస్తే నుదుటి దగ్గర జుట్టు ఊడిపోతుంది. సాపు చేసే మందులు పసిపిల్లల మాడుకు మంచివి కావు. మళ్ళీ పాప వచ్చినప్పుడు మీరు పక్కన కూర్చోబెట్టుకుని ఆ జుట్టును సరిగ్గా దువ్వగలిగారనుకోండి, మీరు చెప్పవలసిన క్షమాపణ అంతా అందులోనే ఉంటుంది. తన ఇద్దరు పెద్దమ్మలూ, అటువైపు ఇటువైపు, ఒకరితో ఒకరు నవ్వుతూ మాట్లాడటం చూసిన పిల్లకు 'నువ్వు ఎవరి వైపు' అన్న ప్రశ్న అంతగా గుచ్చుకోదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు? ఒళ్ళు రుద్దుకోవడం అక్కడికి వెళ్ళాక కూడా సాగుతుంటే, స్కూలుకు వెళ్ళే పొద్దున్నే కడుపునొప్పి, తలనొప్పి అంటుంటే, నిద్ర, తిండి చెడితే, ఇష్టమైన ఆటలు మానేస్తే, తనను తాను అసహ్యించుకునే మాటలు అంటుంటే ఆలస్యం చేయవద్దని కోడలికి చెప్పండి. ఆవిడ నర్సు కనుక ఈపాటికే గమనిస్తూ ఉండవచ్చు. పిల్లల మానసిక నిపుణుల్లో జాతి, రంగు విషయాలు మొహమాటపడకుండా అడిగి మాట్లాడేవాళ్ళను ఎంచుకోవాలి. అదేమీ లేదన్నట్టు దాటేసే డాక్టరు వల్ల ఉపయోగం తక్కువ. చనిపోవాలనే మాట ఏ వయసు పిల్ల నోట వచ్చినా దాన్ని ఆటగా తీసుకోకూడదు. అమెరికాలో 988కి ఫోను చేస్తే ఏ వేళనైనా పలుకుతారు, 2022 నుంచి ఉంది. మన దేశంలో టెలి మానస్ నంబరు 14416. అది మీకోసం కూడా. మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదని చివర చిన్నక్షరాలతో రాశారు, నేను చూశాను.

ఇదంతా అమెరికా గొడవ, మనకు లేదు అనుకునేవారికి ఒక మాట. హైదరాబాదులో ఏ.సి.గార్డ్స్ అన్న పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం నుంచి వచ్చింది. వాళ్ళ సంతతి ఇప్పటికీ ఇక్కడే ఉంది. కాజీపేట, గుంతకల్లు, బిట్రగుంట, లాలాగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాలపాటు కాపురాలు చేశాయి. మా స్కూల్లో అలాంటి కుర్రవాడొకడు నా బెంచీలోనే కూర్చునేవాడు. మేము 'దొర' అని ఏడిపించేవాళ్ళం. మెచ్చుకుంటున్నామనుకునేవాళ్ళం. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఎందుకని మాలో ఎవరమూ అడగలేదు.

ఇదే విషయం మీద ఇంకా రెండు ఉత్తరాలున్నాయి. అవి చిన్నవి.

న్యూజెర్సీ నుంచి ఒక తండ్రి రాశారు. భార్య తెల్లజాతి అమెరికన్. కొడుకుకు 15, కూతురికి 12. అబ్బాయి చూడడానికి తల్లిలా ఉంటాడు, అమ్మాయి మన పిల్లలా ఉంటుంది, కూచిపూడి నేర్చుకుంటోంది. అబ్బాయి తెలుగువాళ్ళ కార్యక్రమాలకు రానంటాడు. 'నేను ఇండియన్ని కాను' అంటాడు. కౌన్సెలింగ్ ఇప్పించాలా అని ప్రశ్న.

ఇప్పుడే వద్దు. పదిహేనేళ్ళకు 'నేనెవర్ని' అన్న ప్రశ్న ప్రతి పిల్లవాడికీ వస్తుంది. మీవాడికి దానికి రెండు మూడు జవాబులున్నాయి, అంతే. తెలుగువాళ్ళ మధ్యకు వెళితే 'మీవాడా?' అని మిమ్మల్ని అడుగుతారు, చెల్లెల్ని మాత్రం ఎవరూ అడగరు. ప్రతిసారీ తను తెలుగువాడినని రుజువు చేసుకోవలసిన చోటికి ఎవరు రావాలనుకుంటారు? అన్నాచెల్లెళ్ళను పోల్చడం మానండి. అమెరికాలో వేరు జాతులవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదన్న చట్టాలు 1967 దాకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి, ఆ సంవత్సరం సుప్రీం కోర్టు వాటిని కొట్టేసింది. జనాభా లెక్కల్లో ఒకటికన్నా ఎక్కువ జాతులు గుర్తుపెట్టుకునే వీలు 2000లోగాని రాలేదు. 2020 లెక్కల్లో 3 కోట్ల 38 లక్షలమంది అలా గుర్తుపెట్టారు. అయినా అందరూ ఒకేలా చెప్పుకోరు. ఒబామా 2010 లెక్కల్లో నల్లజాతి అన్న గడి ఒక్కదాన్నే గుర్తుపెట్టారు. ఒకప్పుడు చెన్నైలో తాతగారున్న కమలా హారిస్ తనను నల్లజాతి స్త్రీగాను, తల్లి వైపు భారతీయురాలిగాను చెప్పుకుంటారు. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ 1997లో టీవీలో, చిన్నప్పుడు తనకోసం తనే ఒక కొత్త మాట కల్పించుకున్నానన్నాడు. మరియా రూట్ అనే సైకాలజిస్టు 1990లలో ఇలాంటివారి హక్కులంటూ ఒక జాబితా రాశారు. తోబుట్టువులకన్నా వేరుగా తనను తాను చెప్పుకునే హక్కు, ఒక్కోచోట ఒక్కోలా చెప్పుకునే హక్కు, వయసు పెరిగేకొద్దీ మార్చుకునే హక్కు అందులో ఉన్నాయి. మీవాడు 15కి అన్నది 25కి అనకపోవచ్చు. మీరు ఇంట్లో తెలుగులో మాట్లాడటం మానకండి, పప్పూ ఆవకాయా మానకండి, కాని వాటిని పరీక్ష చేయకండి. ఒకసారి ఇద్దరూ కారులో వెళ్తున్నప్పుడు, ఎదురెదురుగా కాదు, స్కూల్లో నీ ఇంటిపేరు పిలిచినప్పుడు ఏమంటారు అని అడిగి ఊరుకోండి. తొందరపెట్టకుండా వినండి. దిగులుగా ఉండటం, చదువు పడిపోవడం, ఒంటరిగా గదిలో ఉండిపోవడం ఉంటే అప్పుడు నిపుణులకు చూపించాలి. అది జాతి సంగతి అయినా కాకపోయినా.

మూడోది విజయవాడ నుంచి. అమ్మాయి జర్మనీలో ఉంది, అల్లుడు జర్మన్. ఆరు నెలల మనవడికి నడుము కింద నీలం మచ్చ ఉంది. శిశు సంరక్షణ కేంద్రంవాళ్ళు బాబును ఎవరైనా కొట్టారా అన్నట్టు అడిగారని అమ్మాయి ఏడుస్తోందట. అది దెబ్బ కాదు, జబ్బూ కాదు. ఆసియా, ఆఫ్రికా మూలాలున్న పసిపిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే వచ్చే మచ్చ. మన పిల్లల్లో మామూలే కనుక మనం పట్టించుకోం. తెల్లపిల్లల్లో అరుదు కనుక అక్కడివారు కంగారుపడతారు. దెబ్బ తగిలిన మచ్చ నాలుగు రోజుల్లో పచ్చబడి మారుతుంది, ఇది మారదు, నొక్కితే నొప్పి ఉండదు. చాలామందిలో కొన్నేళ్ళకు దానంతటదే వెలిసిపోతుంది. పిల్లల డాక్టరు చేత మచ్చ ఎక్కడుంది, ఎంతుంది అన్నది బాబు ఆరోగ్య పుస్తకంలో రాయించి, ఫోటో తీసి తేదీ వేసి ఉంచమనండి. కొత్త కేంద్రంలోగాని స్కూల్లోగాని చేర్చినప్పుడు మొదటిరోజే ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.